శీలావతి మింగిన చిప్పు

ఆ రోజుల్లో, అంటే నేనింకా కుర్రతనం దిగని రోజుల్లో, అంటే నాకు అరవై తొమ్మిదేళ్ళప్పుడు, తాళానికీ మనిషికీ మధ్య కొంత మర్యాద మిగిలే ఉందని నమ్మేవాణ్ణి. (అరవై తొమ్మిది కుర్రతనమేమిటని నవ్వేవాళ్ళు ఓపిక పట్టి డెబ్భై నాలుగు దాకా వచ్చి, అప్పుడు వెనక్కి తిరిగి చూడండి. మీకూ వాడు కుర్రాడిలాగే కనపడతాడు.) తాళం చెవి అంటే ఇనుము. దానికి పళ్ళుంటాయి, పెట్టి తిప్పితే తిరుగుతుంది, తిరక్కపోతే ఒక చుక్క ఆముదం వేస్తాం. అంతేగానీ, తాళం పెట్టిన మనిషిని "నువ్వెవరు? నీ నంబరెంత?" అని బండి ఎదురు ప్రశ్న వెయ్యడం నేనెరగను. తాడేపల్లిగూడెంలో మా కొట్టు ఇనప్పెట్టె తాళం జానెడు పొడుగుండేది. మా నాన్నగారు దాన్ని మొలతాడుకి కట్టుకునేవారు. పడుకున్నా, స్నానం చేసినా, పెళ్ళి పంక్తిలో కూర్చున్నా అది ఆయన నడుముకే. ఆయన వస్తుంటే పంచె లోపలినుంచి చిన్న చప్పుడు వచ్చేది, అది విని మేం పిల్లలం గబగబా పుస్తకాలు తెరిచేవాళ్ళం. ఆ పుస్తకాలు కూడా నాకు ఐదో తరగతితోనే మూసేసి, కొట్లో కూర్చోబెట్టారనుకోండి.

కొట్టంటే డీజిలు ఇంజన్లు, నీటి పంపుల విడి సామాన్ల కొట్టు. నా బడీ అదే, కాలేజీ అదే. సామాను చుట్టొచ్చిన కాయితాలు, కంపెనీలు పంపే బొమ్మల పుస్తకాలు, ఒక చిరిగిన నిఘంటువు, ఇవి పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. అందుకే ఈనాటికీ నా ఇంగ్లీషులో క్రియలు తక్కువ, బోల్టులు ఎక్కువ. అయితేనేం, ఉంగుటూరు నుంచి కొల్లేటికోట దాకా ఏ రైతు ఇంజను మొరాయించినా, చదువుకున్న మెకానిక్కులు చేతులెత్తేశాక, "శెట్టిగారికి కబురు పెట్టండ్రా" అనేవారు. ఏ వస్తువునైనా విప్పి చూస్తే దాని సంగతి అదే చెబుతుందని నా సిద్ధాంతం. ఆ సిద్ధాంతం నన్ను నలభై ఏళ్ళు కాపాడింది. నలభై ఒకటో ఏట ఏం చేసిందో చెప్పడానికే ఇదంతా.

కొట్టు కట్టేసి ఏలూరు వచ్చి స్థిరపడ్డాక ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. ఒక డాక్టరుగారు వాడిన బండి, చిన్నది, ఒళ్ళు చక్కగా ఉంది. తాళం మాత్రం ఒక్కటే ఇచ్చారు. రెండోదేదండీ అంటే, "ఎక్కడో ఉండాలండి" అన్నారు. ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. ఆ ఒక్క తాళాన్నీ నేను మా వంశాచారం ప్రకారం మొలతాడుకి కట్టుకున్నాను. మొదట్లో విప్పకుండానే, స్టీరింగు మీదికి సాష్టాంగపడినట్టు వంగి తిప్పేవాణ్ణి. ఒకరోజు ఆ సంగతి మరిచి దిగబోతే కారు నన్ను వదల్లేదు, సగం బయటా సగం లోపలా వేలాడాను. (వీధిలో వాళ్ళు చూశారు. చూడలేదని అబద్ధం చెప్పి నన్ను గౌరవించారు.) ఆ తరవాత తాళానికీ మొలతాడుకీ మధ్య ఒక పిన్నీసు పెట్టి, తిప్పేటప్పుడు విప్పుకునేవాణ్ణి. "కారు తాళం గోడకి తగిలించుకోవచ్చు కదండీ, నడుముకెందుకు?" అనేది మా ఆవిడ. గోడని దొంగ మోసుకుపోలేడు గానీ గోడ మీది తాళాన్ని మోసుకుపోతాడని నేను ఖండించేవాణ్ణి.

ఆ కారు నాకు షికారు బండి కాదు. కొట్టు మూశాక ఏడాది పాటు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పేపరు చదివాను, మళ్ళీ చదివాను. కారొచ్చాక, వెనక సీట్లో రెంచీల పెట్టె వేసుకుని, పాత బేరగాళ్ళు ఫోను చేస్తే చాలు, చెరువుల దాకా వెళ్ళి ఇంజన్లు చూసొచ్చేవాణ్ణి. మళ్ళీ మనిషినయ్యాను. కాకపోతే రెండు చిన్న సంఘటనలు జరిగాయి. ఒకటి, వెనక్కి తీస్తూ పక్కింటివాళ్ళ నీళ్ళ డ్రమ్ముని తోసేశాను. రెండోది, ఉంగుటూరు దగ్గర కాలవ గట్టు మీద బడి బస్సుకి దారిస్తుంటే కారు కాలవ వైపు కొంచెం మొగ్గు చూపింది. పడలేదు, మొగ్గు చూపిందంతే. ట్రాక్టరు పెట్టి లాగారు. ఆ సాయంత్రం మా ఆవిడ కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, గొంతు పెంచకుండా (పెంచితే నేనూ పెంచేవాణ్ణి, బతికిపోయేవాణ్ణి) ఇలా అంది: "మూడోది జరిగిందంటే తాళం నా చేతిలో పెట్టెయ్యండి. ఇక ఎక్కడికైనా ఆటోలో వెళదాం. గట్ల మీదికి మాత్రం ఈ క్షణం నుంచీ వద్దు." సరేనన్నాను. నేను మాట మీద నిలబడే మనిషిని. గట్లే నన్ను పిలిచేవి.

మండవల్లి అవతల చేపల చెరువులున్న ఒక పాత బేరగాడు ఉన్నారు. ఎప్పుడు ఫోను చేసినా "గట్టు మీదున్నానండి" అంటారు గనక ఆయన్ని అందరం గట్టు రాజుగారంటాం. ఒక ఉదయం ఆయన ఫోను. "శెట్టిగారండీ, ఏరేటరు తిరగట్లేదండి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయండి. కుర్రమెకానిక్కు మోటారే మార్చాలంటున్నాడండి." ఏరేటరంటే చెరువు నీళ్ళని చిలికి చేపలకి గాలి అందించే చక్రాల యంత్రం. మోటారు మార్చాలన్నాడంటేనే నాకు ఒళ్ళు మండింది. మా ఆవిడతో "గూడెం వెళ్ళొస్తా, పాత స్నేహితుడికి ఒంట్లో బాలేదు" అని చెప్పి బయల్దేరాను. (స్నేహితుడు బాగానే ఉన్నాడు. వాడికీ ఆ రోజు చెప్పలేదు.)

ఏరేటరు జబ్బు నాకు రెండు నిమిషాల్లో అంతుపట్టింది, బేరింగు పట్టేసింది. ఆ విషయం వేలు పెట్టి చూపిద్దామని ఒడ్డు చివరికి వంగాను. బురదకి నా చదువుతో పనిలేదు. నడుము దాకా చెరువులోకి దిగాను. రాజుగారి మనుషులు ఇద్దరు నన్ను రెక్కలు పట్టి పైకి లాగారు. రాజుగారు పరుగున వెళ్ళి కాపలా పాకలోంచి తన పచ్చగళ్ళ లుంగీ ఒకటి తెచ్చిచ్చారు. లుంగీ కట్టి వీధిలోకి రాని వంశం మాది, కానీ అక్కడ వీధి లేదు గనక కట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, మొలతాడుకి తాళం. నీళ్ళు కారుతోంది. గోడకి తగిలించే జనానికి ఈ ఇబ్బంది రాదు, ఒప్పుకుంటాను.

"ఎండలో పెడితే ఆరిపోద్దిలెండి" అన్నారు రాజుగారు.

"రాజుగారూ, తడి లోపలుంటే ఎండ పైన తగిలి లాభమేమిటండీ? విప్పాలి."

చొక్కా జేబులోంచి స్క్రూ డ్రైవరు తీశాను. (నా జేబులో పెన్ను లేని రోజుంటుంది గానీ అది లేని రోజుండదు.) గట్టు మీద తువ్వాలు పరిచి, తాళం నల్ల డొక్కని రెండుగా విప్పాను. లోపల బిళ్ళ బ్యాటరీ ఒకటి, గోరంత పచ్చ పలక ఒకటి. వాటిని తుడిచి ఆరబెట్టాను. ఒక మూల చిన్న గూటిలో నల్లటి ముక్క ఇంకొకటి కనపడింది, సగం చింతపిక్కంత. దానికి తీగ లేదు, మేకు లేదు, మీద ఒక్క అక్షరం లేదు. బురద మాత్రం అంటుకుంది. నలభై ఏళ్ళు సామాన్లు అమ్మిన అనుభవంతో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తీర్పు చెప్పాను. "ఇది ఉత్త అడ్డుముక్కండి. బరువు కోసం పెడతారు. తాళం చేతికి బరువుగా తగిలితే కొనేవాడికి నమ్మకం కదా."

"ఆహా" అన్నారు రాజుగారు. ఆయన అలా అనకుండా ఉంటే నేను ఆగేవాణ్ణేమో. మెచ్చుకునే మనిషి ఎదురుగా ఉంటే నాకు చెయ్యి ఊరుకోదు. ఆ ముక్కని బొటనవేలి గోటితో ఎగరేశాను. అది చెరువులో 'టుప్' మని పడింది. మేత వేసే వేళ కావడంతో ఒక చేప నీళ్ళు చీల్చుకుని పైకొచ్చి, దాన్ని గుటుక్కున మింగి వెళ్ళిపోయింది.

"శీలావతండి" అన్నారు రాజుగారు తన చేపని చూసి మురిసిపోతూ. "ఏది పడినా వదలదండి."

తాళం మూసి, స్క్రూ బిగించి, కారు తలుపు తీశాను. తీసుకుంది. కూర్చుని తాళం తిప్పాను, తిరిగింది కూడా. ఎదురుగా దీపాలన్నీ వెలిగాయి, వాటిలో కారు బొమ్మ మీద తాళం బొమ్మ ఉన్న ఎర్ర దీపం ఒకటి నన్ను చూసి కన్ను కొడుతున్నట్టు ఆరుతూ వెలుగుతూ ఉంది. ఇంజను మూలిగింది గానీ అందుకోలేదు. పదిసార్లు తిప్పాను. బానెట్ ఎత్తి చూసి, ముందు బ్యాటరీ బలహీనమన్నాను, తరవాత పెట్రోలు గొట్టంలో గాలి చేరిందన్నాను, ఆ తరవాత కొల్లేటి గాలిలో తేమ ఎక్కువన్నాను. చివరికి తోయించాను. వల లాగడానికి వచ్చిన ఎనమండుగురు మనుషులు వల ఒడ్డున పడేసి, నన్ను లోపల కూర్చోబెట్టి, గట్టు పొడవునా ఆ చివరి నుంచి ఈ చివరికీ, మళ్ళీ ఈ చివరి నుంచి ఆ చివరికీ కారుని తోశారు. కొంగలన్నీ లేచిపోయాయి. ఇంజను మాత్రం లేవలేదు. తోసేవాళ్ళలో ఒకాయన కిటికీ దగ్గరికొచ్చి రొప్పుతూ, "అయ్ బాబోయ్, ఏలూరు దాకా ఇలాగే నెట్టేత్తామేటండీ?" అని అడిగాడు. నేను వినపడనట్టు నటించాను.

అప్పుడు రాజుగారు గడ్డం గోక్కుంటూ, ఎంతో మొహమాటపడుతూ అన్నారు. "మా అల్లుడి కారుక్కూడా ఓసారి ఇలాగే ఎర్ర లైటొచ్చిందండి. తాళంలో చిప్పు పోయిందన్నారండి."

"చిప్పేమిటండీ?"

"నల్లగా ఉంటదంటండి. సగం చింతపిక్కంత."

నేను చెరువు వంక చూశాను. రాజుగారూ చెరువు వంక చూశారు. నీళ్ళు ఎంతో ప్రశాంతంగా ఉన్నాయి. ఆయన మర్యాదస్తుడు. నెమ్మదిగా, "వలేయించమంటారాండీ?" అని అడిగారు.

"ఏ చేపో ఎలా తెలుస్తుందండీ?"

"తెలీదండి. చెరువంతా శీలావతులేనండి."

(మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టం. ఒక్క చేప కడుపు గురించి నేను అంతసేపు ఆలోచించడం అదే మొదలు, అదే ఆఖరు.)

ఏలూరులో తాళాలు చేసే ఒక కుటుంబం నాకు చిన్నప్పటి నుంచీ ఎరుక. వానాకాలం గొడుగులు, మిగతా కాలం తాళాలు బాగుచేసేవాళ్ళు గనక పెద్దాయన్ని గొడుగు భాయ్ అంటాం. ఫోను చేస్తే, "నాకు ఇప్పుడు చూపు ఆనట్లేదండి, మా అమ్మాయిని పంపిస్తానండి, కారు తాళాలన్నీ తనేనండి" అన్నారు. మధ్యాహ్నానికి స్కూటరు మీద ముప్ఫై ఏళ్ళ అమ్మాయి, వెనక ఒక పెద్ద సంచీతో గట్టెక్కి వచ్చింది. ఎర్ర దీపాన్ని ఒక్కసారి చూసింది. తాళం తీసుకుని చెవి దగ్గర ఆడించి చూసింది. "చిప్పు లేదండి. ఎక్కడ పడిందండీ?" అంది.

"చెరువులో" అన్నాను.

"పడిందాండీ, పడేశారాండీ?" (అడిగే తీరులోనే ఈ తరం మర్యాద తెలిసిపోతుంది.)

రాజుగారు దగ్గారు. "పర్లేదండి, కొత్త చిప్పుతో తాళం చేసి బండికి కలిపేస్తానండి, గంట పని" అని ఆ అమ్మాయి సంచీ విప్పబోయి ఆగింది. "బండి కాయితాలు చూపించండి మావయ్యగారూ."

డాష్‌బోర్డు అరలోంచి ఆర్సీ జిరాక్సు తీసి దర్జాగా ఇచ్చాను. చదివింది. నన్ను చూసింది. మళ్ళీ చదివింది. "ఇది ఆడవాళ్ళ పేరండి."

"మా ఆవిడ."

"అయితే ఆవిడగారిని రమ్మనండి. బండి ఎవరి పేరు మీదుంటే వాళ్ళ ఎదురుగానే తాళం కలుపుతామండి."

ఇక్కడ నేను కొంత చరిత్ర చెప్పాలి. మా ఇళ్ళలో ఏది కొన్నా ఇంటి ఇల్లాలి పేరున కొంటాం, లక్ష్మి నిలుస్తుందని. అందుకే కొట్టు ఆవిడ పేరు, ఇల్లు ఆవిడ పేరు, గ్యాసు ఆవిడ పేరు. నా పేరు రేషను కార్డులో మాత్రం ఉంది, రెండో వరసలో. ఈ ఆచారం వెనక ఇంత ప్రమాదముందని మా పెద్దలెవరూ చెప్పలేదు. పచ్చగళ్ళ లుంగీలో, మోకాళ్ళ దాకా బురదతో, గట్టు మీద నిలబడి నేను ఆ అమ్మాయికి వివాహ వ్యవస్థ గురించి, భార్యాభర్తల ఉమ్మడి హక్కుల గురించి, నా నలభై ఏళ్ళ వ్యాపార నిజాయితీ గురించి దాదాపు పావుగంట ఉపన్యాసమిచ్చాను. ఆధార్ కార్డు తీసి చూపించాను. ఆ అమ్మాయి ఓపిగ్గా రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, "అడ్రసు కలిసిందండి. పేరు కలవలేదండి" అంది.

"నేనామె మొగుణ్ణమ్మా!"

"అందరూ అలాగే చెబుతారండి. మొన్నొకాయన బావమరిది బండన్నాడండి. తీరా చూస్తే బావమరిదే లేడండి."

నాకు మండిపోయింది. గొడుగు భాయ్‌కే ఫోను చేసి, "ఏం భాయ్, మీ అమ్మాయి నన్ను దొంగని చేస్తోంది" అన్నాను. అవతల పెద్దాయన నవ్వు వినపడింది. "శెట్టిగారూ, మీకు గుర్తుందో లేదో. మీకు ఇరవై ఏళ్ళప్పుడు, నాన్నగారు ఊళ్ళో లేకుండా చూసి ఇనప్పెట్టె తెరవమని నన్ను గూడెం పిలిపించారు. నాన్నగారు ఎదురుగా ఉంటేనే తెరుస్తానని తిరిగొచ్చేశాను. అప్పుడు కూడా మీరిలాగే కేకలేశారండి."

గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? భీమవరంలో పెళ్ళికి వెళుతూ, పెట్టెలో ఉన్న నాన్నగారి చేతి గడియారం ఒక్క రోజు పెట్టుకుందామనుకున్నాను. దొంగతనం కాదది, ముస్తాబు. ఆ రోజు ఖాళీ మణికట్టుతో పెళ్ళికి వెళ్ళాను. యాభై ఏళ్ళలో ఒకే కుటుంబం నన్ను రెండుసార్లు అనుమానించింది. పైగా రెండుసార్లూ వాళ్ళదే సరైన పని కావడం నన్ను మరీ బాధించింది.

ఇక మా ఆవిడకి ఫోను చెయ్యక తప్పలేదు.

"ఏవండీ, గూడెంలో ఎండగా ఉందా?" అంది.

"ఉండే ఉంటుంది."

"ఉండే ఉండడమేమిటి?"

"నేను మండవల్లి దగ్గరున్నాను."

"గట్టు మీదా?"

"గట్టు మీదే."

"మీరా, కారా?"

"ఇద్దరమూ."

"పైనే ఉన్నారా, లోపలికి దిగారా?"

"కారు పైనే ఉంది" అన్నాను. పెళ్ళైన నలభై ఆరేళ్ళకి మనిషి ఒక వాక్యంలో చెప్పని సగాన్ని ఆడవాళ్ళు ఇట్టే వినేస్తారు. "ఆర్సీ పట్టుకుని నువ్వు రావాలి. బండి నీదట" అని ముగించాను.

"ఎవరన్నారు?"

"తాళాల అమ్మాయి."

"బుద్ధిమంతురాలు" అని ఫోను పెట్టేసింది.

కైకలూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ఆవిడ వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ నాకు మూడోది జరిగిపోయిందనే సంగతి తప్ప ఇంకేం తోచలేదు. ఆటోలో వెనక సీట్లో, రెంచీల పెట్టె లేకుండా, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నన్ను నేను ఊహించుకున్నాను. రేపటి నుంచి రాజుగారు ఫోను చేస్తే ఏం చెప్పాలి? చెయ్యరేమో, అదింకా అన్యాయం. నా మొహం చూసి జాలేసిందో ఏమో, ఆ అమ్మాయి పాక నీడలో కొత్త తాళానికి పళ్ళు కోస్తూ, నేనడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది. తాళం పెట్టే చోటు చుట్టూ ఒక తీగ చుట్ట ఉంటుందట. అది గాల్లోనే చిప్పుని పలకరిస్తుందట. ఆ పలకరింపులోంచే చిప్పుకి బలమొస్తుందట, తన నంబరు చెబుతుందట. నంబరు సరైతేనే బండి పెట్రోలు వదులుతుందట. "అందుకే దానికి తీగ అక్కర్లేదండి, బ్యాటరీ అక్కర్లేదండి, నీళ్ళలో పడినా ఏమీ కాదండి. తడిసిన తాళం అలాగే పెట్టి తిప్పుంటే బండి వెళ్ళిపోయేదండి." చివరి మాట చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఆ అమ్మాయి చెబుతుంటే, నాకు ఐదో తరగతి తరవాత ఇన్నేళ్ళకి ఎవరో ఎదురుగా కూర్చుని పాఠం చెబుతున్నట్టనిపించింది. రెండుమూడు సందేహాలు కూడా అడిగాను. ఒకదానికి "మంచి ప్రశ్నండి" అంది. ఆ ఒక్క మాటకి సగం కోపం పోయింది. మిగతా సగం అట్టేపెట్టుకున్నాను.

మా ఆవిడ ఆటో దిగి, గొడుగు మూసి, గట్టెక్కింది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. మూడు గంటలుగా నేను తయారు చేసుకున్న జవాబులన్నీ వృథా అయ్యాయి. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఈ లుంగీ ఎవరిదండీ?"

"నాదేనండమ్మా" అన్నారు రాజుగారు. ఆగొచ్చు కదా, ఏరేటరు దగ్గర్నుంచి శీలావతి దాకా ఆయన కథంతా చెప్పేశారు, నేను చెప్పిన అడ్డుముక్క సిద్ధాంతంతో సహా. చెప్పినంతసేపూ నన్ను పొగుడుతున్నాననే అనుకున్నారు.

ఆవిడ ఒరిజినల్ ఆర్సీ ఇచ్చింది. అమ్మాయి పేరు చూసి, మనిషిని చూసి, చేతులు జోడించి, "కూర్చోండమ్మా" అని డ్రైవరు సీటు చూపించింది. స్టీరింగు కింద ఒక సాకెట్టుకి తన యంత్రం తగిలించి, "నేను చెప్పినప్పుడు తాళం తిప్పండమ్మా, వద్దన్నప్పుడు తీసెయ్యండి" అంది. నేను చొరబడి, "నేను తిప్పుతాలే" అన్నాను. ఇద్దరూ ఒకేసారి నా వంక చూశారు. వెనక్కి తగ్గాను. కిటికీ బయట నిలబడ్డాను, ముద్దాయిలాగా.

యంత్రంలో ఏవో అంకెలు పరుగెత్తాయి. "పాత నంబరు చెరిపేశానమ్మా. ఇప్పుడు దీనికి కొత్త తాళాలు నేర్పించాలి" అని, అమ్మాయి నన్ను కాకుండా ఆవిడని అడిగింది. "ఎన్ని తాళాలు కలపమంటారమ్మా? ఒకటా, రెండా?"

ఒకటంటే నా పని అయిపోయినట్టే. రాజుగారు కూడా సంగతి గ్రహించి తలపాగా సర్దుకున్నారు. తోసిన ఎనమండుగురూ అక్కడే ఉన్నారు, వల సంగతి ఎవరికీ గుర్తులేదు.

"ఒక్కటే కలిపితే, నేను తప్ప ఎవరూ తిప్పలేరా?" అంది మా ఆవిడ.

"తాళం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు తిప్పొచ్చమ్మా. అది మనిషిని చూడదు, చిప్పునే చూస్తుంది."

"మనిషిని చూసే తాళం లేదా?"

"ఇంకా రాలేదమ్మా."

ఆవిడ స్టీరింగు మీద చెయ్యి వేసి కాసేపు చెరువు వైపు చూసింది. అప్పటికి ఏరేటరు తిరుగుతోంది. అమ్మాయి రాక ముందే నేను రెంచీల పెట్టెలో ఉన్న బేరింగొకటి తీసి మార్చేశాను, అంత కష్టంలోనూ. చక్రాలు నీళ్ళు తెల్లగా చిలుకుతున్నాయి. "ఇది ఈయనే బాగుచేశారా?" అని అడిగింది రాజుగారిని. "మరేనండమ్మా, మోటారు మార్చాలన్నారండి అందరూ" అన్నారాయన.

"రెండు కలుపమ్మా" అంది మా ఆవిడ. నేను ఊపిరి వదిలాను. వదిలింది పూర్తయ్యేలోపే, "ఒకటి ఆయనకియ్యి. కారు లేదని ఇంట్లో కూర్చుంటే నా మిక్సీ, నా కుక్కరు, నా ఫ్రిజ్జు వరసగా విప్పుతారు" అని అందరికీ వినపడేలా చెప్పింది. గట్టంతా నవ్వింది. నేను నవ్వలేదు. నాకు నవ్వే తీరిక లేదు, బతికున్నానా లేదా చూసుకుంటున్నాను.

"తిప్పండమ్మా" అంది అమ్మాయి. ఆవిడ తిప్పింది. జీవితంలో మొదటిసారి. ఇంజను ఒక్క పెట్టున అందుకుంది. ఆవిడ ఉలిక్కిపడి, తరవాత చిన్నపిల్లలా నావైపు చూసి నవ్వింది. ఎర్ర దీపం ఆరిపోయింది.

ఇంటికి నేనే నడిపాను. కైకలూరు దాటి కొల్లేటి వంతెన వచ్చేదాకా ఆవిడ తన తాళాన్ని పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. వంతెన మీద మెల్లిగా అడిగింది. "ఏవండీ, ఆ చేపకి కడుపునొప్పి రాదు కదా?"

రాదన్నాను. "పాపం" అంది. నడుము దాకా బురదలో దిగి, పరాయి లుంగీలో పరువు పోగొట్టుకున్న మనిషి పక్కనే ఉండగా, ఆ జాలంతా చేపకి వెళ్ళింది. ఇలాంటివి నేను మరిచిపోను.

ఇప్పుడు నాకు డెబ్భై నాలుగు. నిరుడు కళ్ళ డాక్టరు చార్టులో ఆఖరి రెండు వరసలూ నేను ఊహించి చదివానని కనిపెట్టాడు. ఎవరూ అడక్కముందే, ఒక ఆదివారం పొద్దున నా తాళాన్ని నేనే తీసి మా ఆవిడ చేతిలో పెట్టాను. "ఇప్పుడెవరడిగారు?" అంది. కారు ఊరికే పడుంటే బ్యాటరీ పోతుందని తాళాల అమ్మాయి చెప్పిందట, అందుకని రోజూ పొద్దున ఆవిడే వెళ్ళి పది నిమిషాలు ఇంజను తిప్పుతుంది. బండి కదలదు. పక్క సీట్లో నేను కూర్చుంటాను. ఒక్కోసారి కళ్ళు మూసుకుంటే ఆ అరవై తొమ్మిదేళ్ళ కుర్రాడు కనపడతాడు, ఎనమండుగురు తోస్తుంటే లోపల దర్జాగా కూర్చుని, తప్పంతా కొల్లేటి గాలిదేనని వాదిస్తూ. వెర్రివాడు అనుకుంటాను, అనుకుంటూనే కొంచెం కుళ్ళుకుంటాను వాణ్ణి చూసి. "శబ్దం కొంచెం తేడాగా ఉంది, బానెట్ ఎత్తి చూస్తా" అంటాను ఆవిడతో. "బాగానే ఉంది, కూర్చోండి" అంటుంది. కోపమొచ్చి దిగిపోదామని తలుపు లాగుతాను. రాదు, అప్పటికే ఆవిడ తన వైపు నుంచి లాకు వేసేసి ఉంటుంది. "ఇంకా రెండు నిమిషాలుందండీ" అంటుంది, గడియారం చూసుకుంటూ.

కూర్చుంటాను.